పడవ మోటారు ఊపిరి: గోదావరిపై ఆవిరి నుండి పెట్రోలు వరకు

“ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య” అని మన పెద్దలు ఒక సామెత చెప్పినారు. అవసరం ఉన్నంతసేపు పడవవానిని మొక్కి, ఒడ్డు చేరగానే వానిని మరచిపోయే మానవ స్వభావాన్ని ఎత్తిపొడిచే సామెత ఇది. ఈ కాలంలో ఇది పడవవానికన్న పడవ మోటారుకే ఎక్కువగా వర్తిస్తుంది. వరద వచ్చినప్పుడు మోటారు కావాలి. వరద పోయినదా, అది మరల ఆషాఢం వరకు కొట్టు గదిలో మూలన పడి ఉంటుంది.

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటిస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగుల వరకు పెరిగినది. 2022 జులైలో 71.3 అడుగులు దాకా వచ్చినది. అటువంటి రోజులలో లోతట్టు గ్రామాలకు బాటలు ఉండవు. ఇంటి కప్పు మీద, చెట్టు కొమ్మ మీద నిలిచిన మనిషిని చేరవలెనంటే వెనుకవైపు చిన్న మోటారు తగిలించిన పడవయే దిక్కు.

ఆ పడవ చేయవలసిన పని రెండు విధాలు. ప్రవాహానికి ఎదురు పోయేటప్పుడు మోటారు పూర్తి బలంతో తిరగాలి. ఇంటి గోడ దగ్గరకు వచ్చిన తరువాత మాత్రం మెల్లగా, ఆగీ ఆగనట్లు, కాని ఆగిపోకుండా తిరగాలి. వేగంగా నడిచే యంత్రం మెల్లగా నడవడం అంత కష్టమా అని మనకు తోచవచ్చు. నిజానికి కష్టమైన పని అదే. మోటారు మొదటి లాగుకే రాజుకొనడం, రాజుకొన్నది నిదానంగా వెలుగుతూ ఉండడం అనే ఈ రెండు సమస్యలతో ఇంజనీర్లు శతాబ్దానికి పైగా కుస్తీ పట్టినారు. ఆ కుస్తీ కథ తెలిస్తే పడవలో మోటారు మొరాయించినప్పుడు ఎక్కడ చూడవలెనో కూడ తెలుస్తుంది.

గడ నుండి ఆవిరి వరకు

గోదావరి మీద పూర్వం పడవలను నడిపినవి మూడు బలాలు: గాలి, ప్రవాహం, మనిషి కండ. దిగువకు పోయేటప్పుడు ప్రవాహమే తీసుకొని పోయేది. ఎగువకు రావలెనంటే తెరచాప ఎత్తవలె, లేకున్న గడ వేయవలె, లేదా ఒడ్డున నడుస్తూ తాడుతో లాగవలె. పాపికొండల నడుమ నది ఇరుకై కొండల మధ్య నుండి సాగేచోట ఈ పని మరింత కఠినం. అక్కడి నుండి ఎగువకు వస్తే శబరి కలిసే కూనవరం, ఆపైన భద్రాచలం, ఇంకా పైన దుమ్ముగూడెం వస్తాయి.

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847 – 1852 మధ్య కట్టించిన సంగతి మన విద్యార్థులందరికి తెలిసినదే. ఆయన తలపెట్టిన మరొక పెద్ద పని అంతగా ప్రచారంలో లేదు. నాగపురం, బేరారు ప్రాంతాలలో పండే పత్తిని గోదావరి మీదుగా పడవలలో సముద్రతీరానికి చేర్చవలెనని ఆయన ఆశయం. దారిలో మూడుచోట్ల రాళ్లు, జలపాతపు వడులు అడ్డం ఉన్నవి. వానిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇచ్చంపల్లి దగ్గర, మూడవది ఇంకా ఎగువన. హేగ్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో 1860 తరువాతి సంవత్సరాలలో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, ప్రక్కన కాలువ, పడవలను ఎత్తి దించే లాకులు కట్టినారు. తెడ్డు చక్రాల ఆవిరి నావలు ఈ నీళ్లలో తిరిగినవి.

ఆ పథకం 1871లో నిలిచిపోయినది. అప్పటికే, 1867లో, బొంబాయి నుండి రైలు నాగపురం చేరినది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే నావకు పనికివచ్చే నది, ఏడాది పొడుగునా నడిచే రైలుతో పోటీపడలేకపోయినది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఈనాటికి నిలిచి ఉన్నది.

ఆవిరి యంత్రంలో ఒక గొప్ప సుగుణం ఉన్నది. అది ఎంత మెల్లగానైనా తిరుగుతుంది. బాయిలరులో ఆవిరి సిద్ధంగా ఉంటుంది కనుక చక్రం నిమిషానికి పదిసార్లు తిరిగినా ఫరవాలేదు, పూర్తిగా ఆగి మరల తిరిగినా ఫరవాలేదు. దాని లోపం మరొకటి. కట్టెలు గాని బొగ్గు గాని వేసి, నీరు కాగి, ఆవిరి పీడనం పెరిగే వరకు గంటల తరబడి కాచుకొనవలె. బరువు కూడ ఎక్కువ. వరదలో చిక్కిన మనిషి అన్ని గంటలు ఆగలేడు.

గాలిలో కలిసే పెట్రోలు

పెట్రోలు యంత్రం ఈ నిరీక్షణను పోగొట్టినది. జర్మనీలో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాహ్ 1886లో ఒక చిన్న పెట్రోలు యంత్రాన్ని పడవలో బిగించి నెకార్ నదిలో నడిపినారు. కాని పెట్రోలు యంత్రానికి బాయిలరు లేదు, అనగా నిలవ ఉంచిన శక్తి లేదు. ప్రతి విస్ఫోటనానికి కావలసిన ఇంధనాన్ని అప్పటికప్పుడు గాలిలో సరియైన పాళ్లలో కలిపి లోపలికి పంపవలె. పెట్రోలు ఒక పాలు ఉంటే గాలి తూకంలో సుమారు 15 పాళ్లు ఉండాలి. పెట్రోలు బాగా తగ్గినా, బాగా పెరిగినా నిప్పురవ్వ తగిలినప్పటికి మిశ్రమం అంటుకొనదు.

ఈ కలిపే పని చేసే పరికరమే కార్బ్యురేటరు. మేబాహ్ 1893లో రూపొందించిన తుంతురు కార్బ్యురేటరు తరువాతి వానికన్నిటికి మూలపురుషుడు వంటిది. అదే సంవత్సరంలో హంగరీ దేశపు బాంకీ, చోంకా అనే ఇద్దరు కూడ అటువంటి దానినే రూపొందించినారు. దాని వెనుక ఉన్న సూత్రం మాత్రం చాల పాతది. దానియెల్ బెర్నూలీ 1738లో ప్రవాహవేగానికి పీడనానికి గల సంబంధాన్ని వివరించినాడు. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి 1797లో నడుమ సన్నబడిన గొట్టంలో ద్రవం ఎట్లు ప్రవహించేదీ పరిశీలించినాడు.

ఈ విషయం గోదావరిని చూస్తేనే సగం అర్థమవుతుంది. భద్రాచలం దగ్గర వెడల్పుగా పరచుకొని పారే నది పాపికొండలలో ఇరుకుతుంది. వచ్చిన నీరంతా ఆ ఇరుకులోనుండే పోవలె కనుక నది అక్కడ లోతవుతుంది, వడి కూడ హెచ్చుతుంది. గొట్టంలో పోయే గాలికి లోతు పెంచుకొనే వీలు లేదు. కనుక ఇరుకుచోట దాని వేగం మాత్రమే పెరుగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. కార్బ్యురేటరు గొంతు ఇట్లు సన్నం చేసి, ఆ సన్నని చోట ఒక సూక్ష్మరంధ్రం పెడతారు. రంధ్రం రెండవ కొన చిన్న పెట్రోలు గిన్నెలో ఉంటుంది. గిన్నెలో మామూలు వాయుపీడనం, గొంతులో తక్కువ పీడనం. ఆ తేడా పెట్రోలును పైకి నెట్టి గాలిలో తుంతురుగా చల్లుతుంది. చీడపురుగుల మందు చల్లే చేతిపంపు పనిచేసేది కూడ ఇట్లే. గిన్నెలో ఒక బెండు గాని బోలు తిత్తి గాని తేలుతూ, పెట్రోలు నిండగానే ఒక సూదితో దారి మూసివేస్తుంది, తగ్గగానే తెరుస్తుంది.

మెల్లగా నడవడం ఎందుకు కష్టం

ఇప్పుడు మన మొదటి చిక్కు తలెత్తుతుంది. గొంతులో గాలి వేగంగా పోతేనే అక్కడ పీడనం తగ్గుతుంది. యంత్రాన్ని నిదానం చేయవలెనంటే గొంతు చివరనున్న రేకును దాదాపు మూసివేయాలి. అప్పుడు గొంతులో గాలి మందగిస్తుంది, పీడనం తగ్గదు, పెట్రోలు పైకి రాదు. అనగా వేగంగా నడిపే ఏర్పాటే నిదానంగా నడవడానికి అడ్డు తగులుతున్నది.

ఇంజనీర్లు దీనికి చెప్పిన సమాధానం చాల తెలివైనది. రేకు మూసినప్పుడు గొంతులో చూషణం లేకపోయినా, రేకుకు అవతల, యంత్రం వైపున, చాల గట్టి చూషణం ఉంటుంది. ఏలనన ముషలకం గాలిని లాగుతూనే ఉన్నది, రేకు రానివ్వడం లేదు. కనుక రేకు అంచు దగ్గర మరొక అతిసన్నని రంధ్రం చేసి, దానికి వేరుగా పెట్రోలు దారి కల్పించినారు. మన మెకానిక్కులు ‘స్లో జెట్టు’ అనేది దీనినే. పెద్ద వేగానికి మెయిన్ జెట్టు, చిన్న వేగానికి స్లో జెట్టు. ఒకే యంత్రానికి రెండు ముక్కులు ఉన్నట్లు భావించవచ్చు.

స్లో జెట్టు రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కన్న సన్నం. యంత్రమంతటిలో పెట్రోలు పోయే దారులలో అతి ఇరుకైనది ఇదే. కనుక మురికి గాని, జిగురు గాని, తుప్పు రజను గాని మొట్టమొదట చిక్కుకొనేది ఇక్కడనే. పూర్తి వేగంలో బాగా నడిచి, తగ్గించగానే ఆగిపోయే మోటారును చూచి కొందరు “వేడెక్కింది” అంటారు, కొందరు “పాతబడింది” అంటారు. అది చాల సందర్భాలలో స్లో జెట్టు మూసుకొని పోయినందువలన కలిగే జబ్బు. మెయిన్ జెట్టు తెరిచి ఉన్నది కనుక పరుగుకు లోటు లేదు, నిలకడకే లోటు.

పడవ వెలుపలకు వచ్చిన మోటారు

యంత్రాన్ని పడవ కడుపులో కాక వెనుక అంచుకు బయట తగిలించడం ఒక ప్రత్యేకమైన ఊహ. పారిస్ నగరంలో గుస్తావ్ త్రువే 1881లో సేన్ నదిలో విద్యుత్ మోటారును ఇట్లు తగిలించి పడవ నడిపినాడు. పెట్రోలుతో నడిచేవానిని ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో కొందరు తయారుచేసినారు. వానిని సామాన్యుల చేతికి అందించిన వారిలో ప్రసిద్ధుడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేనుండి అమెరికాకు వలసవచ్చిన కుటుంబంలో పెరిగినవాడు. ఎండలో సరస్సు దాటి ఐస్‌క్రీం తెస్తుంటే తెడ్డు వేసి వచ్చేలోపల అది కరిగిపోయినదని, ఆ ఉక్రోషంలో మోటారు ఊహ పుట్టినదని ఆయన గూర్చి ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎట్లున్నా 1909లో ఆయన అమ్మకానికి పెట్టిన మోటారు బరువు 62 పౌన్లు, అనగా సుమారు 28 కిలోలు. బలం ఒకటిన్నర అశ్వసామర్థ్యం.

ఈ ఏర్పాటు గోదావరి వంటి నదికి బాగా అనుకూలం. లోతు లేనిచోట మోటారును పైకి వంచవచ్చు. ఇసుక తిన్నె అడ్డం వస్తే పంకా విరగకుండా ఎత్తుకొనవచ్చు. మోటారునే ఇటు అటు త్రిప్పి పడవను మళ్లించవచ్చు కనుక చుక్కాని వేరుగా అక్కరలేదు. ఒక పడవనుండి విప్పి మరొక పడవకు బిగించవచ్చు.

అయితే గోదావరిలో చాలకాలం రాజ్యం చేసినవి ఇంజను కడుపులో ఉన్న లాంచీలే. రాజమండ్రి నుండి పాపికొండల మీదుగా భద్రాచలం వరకు శ్రీరామనవమి యాత్రికులు లాంచీలలో వచ్చేవారు. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్డు స్టేషనులో రైలు దిగినవారు కూడ నది దాటడానికి రేవులో పడవ ఎక్కవలసి ఉండేది. 1965లో వంతెన వచ్చిన తరువాత ఆ రేవు అవసరం తగ్గినది. లాంచీ సరంగులకు పెట్రోలు చిక్కు లేదు, డీజిలు చిక్కు ఉన్నది. డీజిలు యంత్రానికి కార్బ్యురేటరు ఉండదు. పంపు ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది. కాని గొట్టంలో గాలిబుడగ చేరితే పంపు ఆ బుడగనే నొక్కుతూ కూర్చుంటుంది, ఇంధనం కదలదు. దీనినే మెకానిక్కులు ‘ఎయిర్ లాక్’ అంటారు. మర విప్పి, గాలి పోయి డీజిలు కారే వరకు చేతిపంపు కొట్టడం ప్రతి సరంగు నేర్చిన మొదటి విద్య.

రబ్బరు బుడ్డి కథ

ఇక రెండవ చిక్కు: పెట్రోలును టాంకు నుండి కార్బ్యురేటరు వరకు తేవడం. పల్లెలలో ఆయిల్ ఇంజను నడిపే రైతుకు ఇది బాగా ఎరుకే. బావిమీది పంపును ఉన్నదున్నట్లు తిప్పితే నీరు రాదు. ముందుగా గొట్టంలో, పంపులో నీరు పోసి గాలిని వెళ్లగొట్టవలె. ఏలనన పంపు గాలిని లాగడంలో బలహీనం, నీటిని లాగడంలో బలవంతం. పెట్రోలు సంగతి కూడ అంతే.

తొలినాటి బయటి మోటార్లలో ఈ బాధ లేదు. పెట్రోలు టాంకు మోటారు నెత్తిమీదనే ఉండేది. ఇంధనం తనంత తాను కిందికి దిగేది. టాంకు చిన్నది కావడం, నడి ఏటిలో కదిలే పడవలో నిలుచుండి వేడి ఇంజను మీద పెట్రోలు పోయవలసి రావడం దాని లోపాలు. అందుచేత 1949 ప్రాంతంలో అమెరికాలో టాంకును వేరుచేసి పడవ అడుగున పెట్టడం ప్రచారంలోకి వచ్చినది. మొదట టాంకులోకి గాలి పీడనం ఎక్కించి పెట్రోలును పైకి నెట్టేవారు. పీడనంతో నిండిన పెట్రోలు టాంకు పడవలో ఉండడం అంత మంచిది కాదు. 1950ల చివరి నుండి ఆ పద్ధతి పోయి, మోటారుకే చిన్న పొర పంపు అమర్చడం మొదలైనది.

ఈ పొర పంపు పనితీరు విచిత్రమైనది. రెండు తాళాల యంత్రంలో ముషలకం పైకి పోయినప్పుడు కింది గదిలో పీడనం తగ్గుతుంది. కిందికి వచ్చినప్పుడు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులకు ఒక పలుచని పొర గుండెవలె కొట్టుకొని పెట్రోలును లాగుతుంది, నెడుతుంది. యంత్రం తిరిగితేనే పొర కొట్టుకొంటుంది. పెట్రోలు అందితేనే యంత్రం తిరుగుతుంది. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లున్న ఈ ముడిని విప్పేదే గొట్టం నడుమనుండే రబ్బరు బుడ్డి.

ఆ బుడ్డికి రెండు కొనలలో రెండు కవాటాలు ఉంటాయి. రెండూ పెట్రోలును మోటారు వైపు మాత్రమే పోనిస్తాయి. నొక్కినప్పుడు బుడ్డిలోనిది ముందుకు పోతుంది. వదలినప్పుడు టాంకు నుండి కొత్తది వచ్చి నిండుతుంది. మన గుండెలోని కవాటాలు చేసే పని కూడ ఇదే. బుడ్డి మీద బాణం గుర్తు మోటారు వైపు చూపుతుండవలె. మోటారు వైపు కొన పైకి ఉండేటట్లు పట్టుకొని నొక్కితే గాలి త్వరగా వెళ్లిపోతుంది. కార్బ్యురేటరు గిన్నె నిండి సూది మూసుకొనగానే పెట్రోలుకు పోవడానికి చోటు ఉండదు. బుడ్డి రాయివలె గట్టిపడుతుంది. ఆ గట్టితనమే “సిద్ధం” అని మోటారు చెప్పే మాట.

బుడ్డి చెప్పే లక్షణాలు

వైద్యుడు నాడి పట్టి చూచినట్లు, పడవ నడిపేవాడు ఈ బుడ్డిని పట్టి చూస్తే పెట్రోలు దారిలో దోషం ఎక్కడున్నదో చాలవరకు చెప్పవచ్చు.

ఎంత నొక్కినా బుడ్డి గట్టిపడకపోతే, గాలి ఎక్కడనో లోపలికి వస్తున్నది లేదా కవాటం సరిగా మూసుకొనడం లేదు. టాంకు దగ్గర తగిలించే కొనలోని రబ్బరు ఉంగరం, గొట్టపు బిగింపులు, గొట్టం మీది పగుళ్లు చూడవలె. టాంకులో పెట్రోలు మరీ అడుగంటినా ఇదే లక్షణం. పెట్రోలు బయటికి కారకపోయినా గాలి లోపలికి రావచ్చునని విద్యార్థులు గ్రహించాలి. చూషణం ఉన్న గొట్టానికి చిల్లు పడితే గాలి లోపలికి పోతుంది గాని ద్రవం బయటకు రాదు. అందుచేతనే ఈ దోషం కంటికి కనబడదు.

బుడ్డి గట్టిపడక, కార్బ్యురేటరు నుండి పెట్రోలు పొంగి కారుతుంటే, గిన్నెలోని సూది మూసుకొనడం లేదు. సూది మొనలో నలుసు ఉండవచ్చు, లేదా బెండు చిల్లుపడి మునిగి ఉండవచ్చు.

మోటారు అంటుకొని కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోయి, బుడ్డి నొక్కుకొనిపోయి చప్పిడిగా ఉంటే, దోషం బుడ్డికి వెనుక, టాంకు వైపున ఉన్నది. టాంకు మూత మీది గాలిమర విప్పడం మరచి ఉంటారు. పెట్రోలు పోయినకొద్దీ దాని స్థానంలోకి గాలి రావలె. రాకపోతే టాంకులో పీడనం తగ్గి, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. పాల డబ్బాకు ఒకే చిల్లు చేస్తే పాలు సరిగా రావు, రెండవ చిల్లు చేస్తే ధారగా వస్తవి కదా. పెట్రోలు ఆవిరి బయటకు పోకుండ టాంకును మోసుకొనిపోయేటప్పుడు ఆ మర బిగిస్తారు. తొందరలో విప్పడం మరచిపోతారు. పెద్ద మోటారును ఆపివేసే అతి చిన్న తప్పు ఇది.

బుడ్డిని చేతితో నొక్కుతున్నంతసేపు నడిచి, వదలగానే మోటారు నీరసిస్తే, పొర పంపులోని పొర చిల్లుపడి ఉండవచ్చు; లేదా గొట్టంలో గాలి చేరుతూ ఉండవచ్చు.

బుడ్డి గట్టిగా ఉండి, వేగంలో మోటారు బాగా నడిచి, నిదానంలో మాత్రమే ఆగిపోతే, అప్పుడు స్లో జెట్టు మీద అనుమానం పడవలె. దానితోపాటు కార్బ్యురేటరుకు యంత్రానికి మధ్యనున్న అతుకులో గాలి చొరబడుతున్నదేమో కూడ చూడవలె. పూర్తి వేగంలో కొంచెం గాలి అదనంగా వచ్చినా లెక్కలోనిది కాదు. నిదానంలో యంత్రం తీసుకొనే గాలే కొద్ది కనుక ఆ కొంచెమే మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. రెండు సిలిండర్ల మోటారులో ఒక ప్లగ్గు రవ్వ ఇవ్వకపోయినా ఇటువంటి లక్షణమే కనిపిస్తుంది. కనుక స్క్రూలు త్రిప్పే ముందు ప్లగ్గు చూడడం మంచిది. కారణం తెలియకుండా స్క్రూ త్రిప్పితే ఉన్న జబ్బుకు మరొకటి తోడవుతుంది.

ఈ పరీక్షలన్నిటిలో ఒక జాగ్రత్త మరువరాదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది పడవ అడుగున చేరి నిలుస్తుంది. కారిన పెట్రోలు తుడిచి, గాలి ఆడనిచ్చి, ఆ తరువాతనే మోటారు లాగవలె. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు.

వేసవి నిద్ర, వర్షాకాలపు మేలుకొలుపు

వరద పడవల మోటార్లకు వచ్చే జబ్బులలో చాలవరకు వరదలో పుట్టవు. అవి ఎండాకాలంలో, మోటారు ఖాళీగా ఉన్నప్పుడు పుడతాయి.

ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు వేసవి ఎంత తీవ్రమో చెప్పనక్కరలేదు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అనేక హైడ్రోకార్బనుల కలయిక. వానిలో తేలికైనవి ఎండకు ముందుగా ఆవిరైపోతాయి. మోటారును సులభంగా అంటించేవి ఆ తేలికైనవే. మిగిలినవానిలో కొన్ని గాలిలోని ఆమ్లజనితో కలిసి జిగురుగా మారుతాయి. గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు నెలల తరబడి ఇట్లు ఎండి, అర మిల్లీమీటరు కూడ లేని స్లో జెట్టులో లక్కవలె గట్టిపడుతుంది.

ఇటీవల మరొక విషయం తోడైనది. మన దేశంలో 2023 నుండి 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకానికి వచ్చినది. ఇథనాలు నీటిని పీల్చుకొంటుంది. తేమగాలి ఆడే టాంకులో నీరు ఒక హద్దు దాటితే ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగున చేరుతాయి. టాంకులో గొట్టపు కొన ఉండేది కూడ అడుగుననే. అనగా మోటారు మొదటి గుటక పెట్రోలుకు బదులు ఆ నీటి ద్రావణం అవుతుంది. పాత మోటార్లలో ఇథనాలుకు ఓర్చని రబ్బరు గొట్టాలు, పొరలు ఉంటే అవి ఉబ్బి చెడిపోతాయి.

ఎండలో మరొక ఇబ్బంది కూడ ఉన్నది. వాయుపీడనం నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తుకు మించి నిలపలేదని 17వ శతాబ్దిలో టారిసెల్లి కాలం నుండి తెలిసినదే. పెట్రోలు నీటికన్న తేలిక కనుక ఇంకా ఎత్తుకు లాగవచ్చునని తోచవచ్చు. కాని 38 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర మన పెట్రోలు ఆవిరి పీడనమే సుమారు సగం వాయుపీడనం వరకు ఉండవచ్చు. లాగే పీడనంలో అంతభాగం ఆవిరే హరిస్తుంది. వేడెక్కిన గొట్టంలో పెట్రోలు బుడగలై పంపుకు అందకుండా పోవడం ఇందువలననే. టాంకును, గొట్టాన్ని నీడలో ఉంచి, గొట్టం మీద తడిగుడ్డ కప్పడం మెకానిక్కులు ఎరిగిన చికిత్స. దాని వెనుక ఉన్నది భౌతికశాస్త్రమే.

ఈ జబ్బులకు మందు ఖర్చుతో కూడినది కాదు. మోటారును మూలన పెట్టే ముందు పెట్రోలు గొట్టం విప్పి, గిన్నెలోనిది అయిపోయి ఆగే వరకు నీటిలో నడపవలె. పంకా, నీటిని లాగే భాగం నీటిలో లేకుండ నడపరాదు. చల్లబరచే నీరు అందక యంత్రం చెడుతుంది. టాంకును ఖాళీ చేయవలె. మృగశిరకు ముందే కొత్త పెట్రోలు పోసి, బుడ్డి గట్టిపడుతున్నదా లేదా చూచి, మోటారును పది నిమిషాలు నిదానంగా నడిపి చూడవలె. వేగంగా నడిపి చూస్తే చాలదు. మోటారు ఆరోగ్యం తెలిసేది నిదానంలోనే.

కొత్తగా వచ్చిన నాలుగు తాళాల మోటార్లలో చాలవానికి కార్బ్యురేటరు లేదు. చిన్న కంప్యూటరు లెక్కగట్టి పెట్రోలును చిమ్మిస్తుంది. వానిలో స్లో జెట్టు మూసుకొనే బాధ తప్పినది. కాని టాంకు వేరుగా ఉన్నంతకాలం గొట్టం నడుమ రబ్బరు బుడ్డి అట్లే ఉన్నది. కంప్యూటరు కూడ, పెట్రోలు అందనిదే ఏమీ చేయలేదు.

బడిలో చేయదగిన ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఖర్చు లేకుండా చూపవచ్చు. రెండు కాగితపు ముక్కలను వేలెడు ఎడంగా వేలాడదీసి నడుమ ఊదితే, అవి విడిపోవడానికి బదులు దగ్గరకు వస్తాయి; గాలి వేగంగా పోయినచోట పీడనం తగ్గినదని తెలుస్తుంది. నీటి గ్లాసులో నిలిపిన ఒక పీల్పు గొట్టపు కొనమీదుగా మరొక గొట్టంతో అడ్డంగా గట్టిగా ఊదితే నీరు పైకి ఎక్కి తుంతురవుతుంది. మెల్లగా ఊదితే ఎక్కదు. స్లో జెట్టు ఎందుకు కావలసివచ్చినదో ఆ రెండవ ఊదుడు చెబుతుంది. పీల్పు గొట్టానికి గుండుసూదితో ఒక చిల్లు పెట్టి నీరు త్రాగిచూడమంటే ఎయిర్ లాక్ ఏమిటో పిల్లలకు జన్మలో మరపురాదు. వీటికి నీరే వాడవలె, పెట్రోలు తరగతి గదిలోకి తేరాదు.

2022 జులైలో భద్రాచలం చుట్టుప్రక్కల జాతీయ విపత్తు స్పందన దళంవారు, సైనికులు సహాయానికి వచ్చినారు. ప్రతి వరదలో ఇట్టివారు వస్తారు. వారు చేరేలోపల ఊరిలోని పడవ, ఊరిలోని మోటారు, దానిని ఎరిగిన ఊరి మనిషి ఉండడం ఎంతో మేలు. దుమ్ముగూడెం దగ్గర నదిని లొంగదీయ యత్నించిన ఇంజనీర్లకు లేని సౌకర్యం ఈనాటి పల్లె యువకునికి ఉన్నది: ఒక మనిషి మోయగల యంత్రం, ఒక చేతిలో ఇమిడే రబ్బరు బుడ్డి. ఏరు దాటిన తరువాత కూడ ఆ మోటారును ఓడ మల్లయ్యగానే చూచుకొంటే, మరల ఏరు పొంగినప్పుడు అది మొదటి లాగుకే పలుకుతుంది, గోడ ప్రక్కన మెల్లగా నిలుస్తుంది.